రెండు ఆదివారాలు, నాలుగు తరగతి గదులు: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భాషా సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను కోనసీమలో ఇంటి దగ్గర గాత్రం, వయొలిన్ చెప్పుకునే టీచర్ని. మా చుట్టుపక్కల నాలాగే ఇళ్లలో సంగీతం నేర్పేవాళ్లం ముప్పై నలుగురం కలిసి ఒక చిన్న సంఘం నడుపుకుంటున్నాం. ఆరేళ్లుగా దానికి నేను కార్యదర్శిని. పెద్ద హోదా అనుకునేరు. సంఘం ఆఫీసంటే మా ఇంటి బీరువాలో కింది అర. మినిట్స్ పుస్తకం, క్యాష్ బుక్, రెండు రసీదు పుస్తకాలు, ఒక రబ్బరు స్టాంపు, పోయినేడు మిగిలిపోయిన సర్టిఫికెట్ కాగితాలు అందులో ఉంటాయి. పై అరలో మావారి చొక్కాలు.

ఈ ఉత్తరం మీకు రాయాలా, విద్యాశాఖ మంత్రి గారికి రాయాలా అని మా కమిటీలో ముప్పావుగంట వాదన నడిచింది. కావలసింది బడి గదులు కాబట్టి ఆయనకే రాయాలని కొందరు, సంగీతం గొడవ కాబట్టి మీకే అని కొందరు. మా మృదంగం మాస్టారు మాత్రం, "ఎవరికి రాసినా రెండో ఆయనకి పంపుతారు లెండి, ఎవరో ఒకరికి రాసెయ్యండి" అన్నారు. అందుకని మీకు రాస్తున్నాను.

అడిగేదేంటో ముందే చెప్పేస్తాను. ఏడాదికి రెండు ఆదివారాలు, ఫిబ్రవరిలో ఒకటి, అక్టోబరులో ఒకటి, మా దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్లో నాలుగు గదులు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా మాకు ఇప్పించాలి. కరెంటు ఖర్చు, ఊడ్చి కడిగించే ఖర్చు మేమే పెట్టుకుంటాం. గ్రాంటు అడగడం లేదు. సన్మానాలు అసలే వద్దు. మాలో ఒక్కొక్కరింట్లో కనీసం నాలుగేసి శాలువాలున్నాయి, కోనసీమ ఉక్కలో వాటిని కప్పుకునేవాళ్లు లేరు.

ఈ నాలుగు గదుల కోసం మంత్రి గారి దాకా రావాలా అనిపిస్తుంది మీకు. సంఘం ఎలా నడుస్తుందో చెబితే తప్ప గది విలువ తెలియదు.

మాది సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టరైన సంఘం. ఏడుగురు సభ్యులుంటే సంఘం పెట్టుకోవచ్చు, పెట్టడం తేలికే. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, జరిగిన పదిహేను రోజుల్లో కమిటీ జాబితా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి. నెలకు వంద రూపాయలు చందా. వంద ఇవ్వడానికి ఎవరికీ ఇబ్బంది లేదు కానీ, ఫోను చేసి అడగాలంటే నాకే మొహమాటం. మార్చి వస్తే పదో తరగతి పిల్లలు సంగీతం మానేస్తారు, ఏప్రిల్, మే నెలల్లో మిగతావాళ్లు అమ్మమ్మల ఊళ్లు పోతారు. ఆ మూడు నెలలూ మాకు జీతం రాదు. ఈ మధ్య కొందరికి అమెరికా పిల్లల ఆన్‌లైన్ క్లాసులతో కాస్త ఊపిరాడుతోంది. తెల్లారుజామున నాలుగున్నరకు లేచి ల్యాప్‌టాప్ ముందు సరళీ స్వరాలు పాడిస్తున్న టీచర్లు మాలో అరడజను మంది ఉన్నారు.

మొన్నీమధ్య ఒక మృదంగం మాస్టారు బండి మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. రెండు నెలలు చెయ్యి కదపకూడదన్నారు. ఆయన పిల్లల్ని మా ఇద్దరు మృదంగం టీచర్లు పంచుకుని పాఠాలు చెప్పారు. నెల తిరిగేసరికి వచ్చిన ఫీజు మొత్తం ఆయన ఇంటికి చేర్చారు. మూడో నెలలో పిల్లలందరూ మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లారు. ఒక్కరు కూడా ఇవతలే ఉండిపోలేదు. ఇది ఏ బైలాలోనూ లేదు. బైలాల్లో ఉన్నది ఇంకొకటి: ఒకరి దగ్గర నేర్చుకుంటున్న పిల్ల ఇంకో టీచరు గుమ్మం ఎక్కితే, ఆ రెండో టీచరు మొదటి టీచరుకు ఫోను చేసి చెప్పాలి. వద్దనే హక్కు మొదటావిడకు లేదు, తెలియాలి అంతే. ఈ ఒక్క ఫోను పెట్టాక మాలో సగం అలకలు తగ్గాయి. అంతకు ముందు పెళ్లిళ్లలో ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్లం.

అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్న నియమం మాత్రం, ఎవరి పిల్లల్ని వాళ్లు పరీక్ష చేయకూడదన్నది. పెద్ద కాలేజీల సర్టిఫికెట్ పరీక్షల జోలికి మేం పోలేదు. మా పిల్లలు చాలామంది అంత దూరం పోలేరు. 1919 నుంచీ ఉన్న విజయనగరం సంగీత కళాశాల మాకు రెండొందల కిలోమీటర్ల పైమాటే. అందుకని మేమే మూడు మెట్లు పెట్టుకున్నాం. సరళీ, జంట స్వరాలు, అలంకారాలు ఒక మెట్టు. గీతాలు, స్వరజతి రెండోది. వర్ణం, ఒక కీర్తన మూడోది. ఫీజు రెండొందలు. పరీక్ష చేసేవారికి బస్సు చార్జీ, భోజనం, ఐదొందలు. ఆ సర్టిఫికెట్‌తో ఉద్యోగం రాదు. అయినా తన టీచరు కాక ఇంకొకరు కూర్చుని విని, నీ శ్రుతి ఇక్కడ జారుతోంది అని చెబితే పిల్ల నమ్మినట్టు రోజూ వినే టీచరు చెబితే నమ్మదు. టీచరుకూ అంతే. నా పిల్లలందరూ ఒకే చోట గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, మింగేస్తున్నారని నాకు తెలిసింది ఇంకో ఊరి మేడమ్ వల్ల. ఆ గమకం మింగేది నేనే అని ఇంటికొచ్చి వయొలిన్ తీస్తేగానీ తెలియలేదు.

ఈ పరీక్షకు చోటు కావాలి. ఎక్కడైనా పెట్టుకోవచ్చు కదా అంటారు. చూశామండీ.

ఫంక్షన్ హాలు వారానికో లగ్గం ఉన్న రోజుల్లో దొరకదు. ఆషాఢంలో, పుష్యంలో శూన్యమాసం కాబట్టి హాళ్లన్నీ ఖాళీ. కానీ పుష్యంలో సంక్రాంతి, ఆ వెంటనే బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, టీచర్లెవరూ తీరుబడిగా ఉండరు. ఆషాఢంలో హాళ్లు ఖాళీగా ఉంటే గోదారి నిండుగా ఉంటుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి పారినప్పుడు లంకల్లో, అంటే గోదారి మధ్య దిబ్బల మీది ఊళ్లలో, పిల్లలు ఇల్లు దాటి రావడానికే పడవ కావలసొచ్చింది. ఆషాఢంలో పరీక్ష పెడితే లంక పిల్లల్ని రావద్దన్నట్టే.

పోయిన అక్టోబరులో ఒక హాలు వాళ్లు భోజనాల గది ఇస్తామని ఎనిమిది వేలు మాట్లాడుకుని, గురువారం సాయంత్రం ఫోను చేసి పెళ్లి పడింది, కుదరదన్నారు. మూడు ఇళ్లలో పెట్టాం. మా పక్కింటావిడ హాలిచ్చారు, అక్కడ పరీక్ష చేసింది నేను. లంక నుంచి ఒక పదకొండేళ్ల పిల్ల వచ్చింది, వయొలిన్ పెట్టెకు నీళ్లు తగలకుండా పాలిథిన్ కవరు చుట్టుకుని. అలంకారాలు బాగానే వాయించింది. వయొలిన్ కింద పెట్టించి, ఝంపె తాళం నోటితో పాడుతూ వేయమన్నాను. అందులో లఘువు అనే మొదటి భాగానికి ఏడక్షరాలు, అంటే ఏడు లెక్కలు. ఒక దెబ్బ, ఆరు వేళ్లు. చిటికెన వేలితో మొదలుపెట్టి బొటనవేలు దాకా వచ్చాక మళ్లీ చిటికెన వేలికి పోవాలి. పిల్లలందరూ తడబడేది అక్కడే. ఈ పిల్ల బొటనవేలు దాకా వచ్చిందో లేదో, వంటింట్లో కుక్కరు కూత వేసింది. పిల్ల ఆగి నా మొహం చూసింది. మళ్లీ మొదలెట్టమన్నాను. రెండో కూత. మూడోసారి శుభ్రంగా వేసింది, ఆ ఇంటావిడ అప్పటికే పరుగెత్తి స్టవ్ కట్టేశారు పాపం. మూడోసారికి మార్కు ఎంత వేయాలి? తప్పు పిల్లదా, కుక్కరుదా?

ఆ రోజే ఇంకో ఇంట్లో, ఆ ఇంటి టీచరు శిష్యురాలికే ఎక్కువ మార్కులు వచ్చాయి. వేసింది బయటి ఊరి మాస్టారే. అయినా గేటు దగ్గర ఒక తండ్రి, "వాళ్లింట్లో పెట్టుకుంటే వాళ్ల పిల్లకి కాక మనకొస్తాయా" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. నేను ఆ గేటు బయట ఉన్నా అలాగే అనుకునేదాన్ని.

గుడి మండపం ఉంది కదా అంటారు. దానికీ ఒక కథ ఉంది, చెప్పక తప్పదు. సంఘం పెట్టిన కొత్తలో మేమంతా కర్ణాటక సంగీతం చెప్పేవాళ్లమే. తరతరాలుగా సన్నాయి, డోలు నేర్పుతున్న కుటుంబాలవారిని పిలవాలన్న ఆలోచనే మాకు రాలేదు. అది మా తప్పు, మినిట్స్ పుస్తకంలో లేదు కాబట్టి ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఒక ఏడు త్యాగరాజ ఆరాధనలో ఆయన పంచరత్న కీర్తనలు పాడుతున్నాం. వాటిలో ఒకటి వరాళి రాగంలో ఉంటుంది. ఆ రాగం గురువు నేరుగా శిష్యుడికి చెప్పకూడదని ఒక నమ్మకం ఉంది కదా, అందువల్ల మాలో చాలామందిది విని పట్టుకున్న వరాళే. అంతా అయ్యాక, వెనక వరసలో కూర్చున్న సన్నాయి మాస్టారు నా దగ్గరికొచ్చి, "అమ్మా, మూడో చరణం దగ్గర మధ్యమం మెత్తబడిందండి" అని అక్కడికక్కడే నెమ్మదిగా పాడి చూపించారు. ఆ నెలలోనే ఆయన సభ్యుడయ్యారు. తర్వాత చర్చిలో కీబోర్డు నేర్పే ఒక అబ్బాయి వచ్చాడు. కీబోర్డు సంగీతమా అని ఒక రాత్రి పది దాకా కొట్టుకున్నాం. చివరికి ఓటు వేసి చేర్చుకున్నాం. ఇప్పుడు మా క్యాష్ బుక్ రాసేది ఆయనే, అంకెల్లో నాకన్నా శ్రుతి బాగుంది.

పరీక్ష గుడి మండపంలో పెట్టినప్పుడు ఆ అబ్బాయి శిష్యుల తల్లులు బయట అరుగు దగ్గరే ఆగిపోయారు. చర్చి హాల్లో పెడితే ఇటువైపు తల్లులు ఏమీ అనలేదు కానీ, ఆ రోజు కొందరు పిల్లలకు జ్వరాలొచ్చాయి. ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పిల్లలు మాత్రం సగమే వచ్చారు. ఈ పిల్లలంతా వారంలో ఆరు రోజులు ఒకే బల్ల మీద కూర్చునే చోటు మా ఊళ్లో బడి ఒక్కటే.

అందుకే బడికి వెళ్లాం. హెడ్‌మాస్టారు మంచి మనిషి. "నాకు ఇవ్వాలనే ఉందమ్మా. రేపు ఒక కుర్చీ విరిగితే సంజాయిషీ నేను రాసుకోవాలి. పైనుంచి ఒక్క కాగితం తెండి" అన్నారు. ఆ ఒక్క కాగితం కోసం మూడు ఆఫీసులు తిరిగాం. ఒకచోట దరఖాస్తు తీసుకున్నారు, ఒకచోట అది మా పరిధి కాదన్నారు, నాలుగు నెలలకు మూడోచోట నుంచి ఫోనొచ్చింది, ప్రైవేటు కార్యక్రమాలకు ఇవ్వడం కుదరదని. అదే మాట కాగితం మీద ఇమ్మంటే ఇవ్వలేదు.

వాళ్ల భయం అర్థం లేనిదని నేను అనను. మాకిస్తే రేపు ట్యూషన్ సెంటర్ వాళ్లు అడుగుతారు, ఎల్లుండి చీరల ఎగ్జిబిషన్ వాళ్లు అడుగుతారు. కాబట్టి షరతులు పెట్టండి. రిజిస్టరైన సంఘమై ఉండాలి, ఆ ఏటి కమిటీ జాబితా, ఆడిట్ లెక్క జతచేయాలి, డిపాజిట్ కట్టాలి, బ్యానర్లు కట్టకూడదు, ముఖ్య అతిథులు ఉండకూడదు. ఆఖరి షరతు మీకూ వర్తిస్తుంది, ఏమీ అనుకోకండి. ఈ షరతులు ఒప్పుకున్నవారికి గది ఇచ్చే అధికారం హెడ్‌మాస్టారుకే ఉందని ఒక్క ఉత్తర్వు చాలు, ఆయన మళ్లీ ఎవరినీ అడగక్కర్లేకుండా. బదులుగా నెలకొక శనివారం ఆ బడి పిల్లలకు గంటసేపు ఉచితంగా పాట చెబుతాం. వంతులవారీగా ఎవరు ఏ నెల వెళ్లాలో జాబితా ఇప్పటికే రాసుకున్నాం.

వరదలొస్తే అదే బడిలో పునరావాస కేంద్రం పెడతారు, ఎన్నికలొస్తే పోలింగ్ పెడతారు, పెట్టాలి కూడా. ఆ గదులు ఆదివారం తెరవగలమని మనందరికీ తెలుసు.

ఇక్కడి సంగీతం ఎప్పుడూ ఇళ్లలోనే పెరిగింది. శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి తండ్రి సంగీతం నేర్పుకునే మనిషి, తల్లి వీణ వాయించేవారు. ఈమని శంకరశాస్త్రి గారు పుట్టింది ద్రాక్షారామంలో. వాళ్ల పేర్లు చెప్పి డబ్బులడిగే అలవాటు మా జిల్లాల్లో ఉంది, నేను ఆ పని చేయడం లేదు. పాఠం ఇంట్లోనే చెబుతాం, ఎప్పటికీ. పరీక్ష రోజు మాత్రం ఇంటి బయట ఉండాలి.

గదులు నాలుగే ఎందుకంటే, గాత్రానికి ఒకటి, వీణ, వయొలిన్‌లకు ఒకటి, కీబోర్డుకు ఒకటి. ఆ గది మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలవుతుంది, పొద్దున ఆ పిల్లలకు చర్చిలో ఆరాధన ఉంటుంది. మృదంగానికి వరండా చివరి గది. సన్నాయికి గది అక్కర్లేదు, బడి వెనక చెట్టు కింద చాలు. గదిలో ఊదితే మిగతా నాలుగు గదులూ పరీక్ష ఆపేసి వినాల్సిందే.

వచ్చే పరీక్షకు డెబ్బై ఒక్కమంది పిల్లలు పేర్లిచ్చారు. హాల్ టికెట్లు మొన్న ప్రింటు చేయించాం. తేదీ, వేళ, మెట్టు, పరీక్ష చేసేవారి ఊరు అన్నీ ఉన్నాయి. 'స్థలం' అన్నచోట ఒక గీత మాత్రం గీయించి ఖాళీగా వదిలాం. చేత్తో రాసుకుంటాం, మీ దగ్గర్నుంచి కాగితం వచ్చాక.

ఇట్లు,
ఒక సంగీతం టీచరు,
సంఘం కార్యదర్శి,
కోనసీమ