జడ్చర్ల సిస్టర్‌కు, కవరత్తి పడవ తమ్ముళ్లకు

మాది నల్లగొండ. జడ్చర్ల వైపు వాళ్లు ఎవరైనా ఇది చదివితే చిన్న సాయం చేయండి. నర్సుగా చేసి రిటైరైన ఒకామె, ఆమె భర్త గత నెల లక్షద్వీప్ ఓడలో మాతో పాటు ఉన్నారు. ఓడలో ఉండగానే నంబరు రాసిచ్చారు గానీ, ఆ కాగితం నా చొక్కా జేబులోనే ఉప్పునీళ్లకు నానిపోయింది. అందుకే ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సిన మాట ఇట్లా నలుగురిలో చెబుతున్నాను.

ఎల్‌టీసీ (ఉద్యోగులకు ఇచ్చే ప్రయాణ ఖర్చు) ఉంది కదా అని ఐదుగురం శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం పోయి, కొచ్చిలో ఎంవీ కవరత్తి ఓడ ఎక్కాం. ప్యాకేజీ పేరు కూడా ‘సముద్రం’. రాత్రి ఓడలో పడక, పగలు ఒక్కో దీవి: కల్పేని, కవరత్తి, మినికాయ్. అమ్మకు డెబ్బై. మాది మర్రిగూడ మండలం అంటే మా జిల్లా వాళ్లకు మిగతాది చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు బిగుసుకుపోయాయి. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి.

టికెట్లు తీసినప్పుడు నేను కనుక్కోని సంగతి ఒకటుంది. ఆ దీవుల చుట్టూ పగడపు దిబ్బలు, వాటి లోపల లోతు తక్కువ. పెద్ద ఓడ బయట సముద్రంలోనే ఆగుతుంది. ఓడ పక్కన ఒక తలుపు తెరుస్తారు. కింద చిన్న పడవ ఎగిరెగిరి పడుతుంటుంది. అందులోకి దిగాలి. కల్పేనిలో అది చూడగానే నాకు చెమటలు పట్టాయి. అమ్మను కేబిన్‌లో ఉండమన్నాను. “మీరు పోయి రాండ్రి బిడ్డా, నేను పండుకుంట” అంది. సాయంత్రం వచ్చేసరికి అదే మంచం మీద అటే మొహం పెట్టి కూర్చుంది. పొద్దున పెట్టిపోయిన అరటిపండు కూడా ముట్టలేదు.

రాత్రి భోజనాల దగ్గర సిస్టర్ అడిగేసింది: “ముసలామెను గింత దూరం తెచ్చింది ఓడ గోడలు చూపియ్యనీకెనా?” కోపమొచ్చింది గానీ జవాబు దొరకలేదు.

మర్నాడు కవరత్తి. సిస్టర్ ముందే పోయి పడవ వాళ్లతో మలయాళంలో ఏదో మాట్లాడింది. హాస్టల్‌లో కేరళ నర్సులతో ఉండి నేర్చుకున్న మలయాళమట. ఇద్దరు కుర్రాళ్లు పైకొచ్చి అమ్మ చెరో రెక్క పట్టుకున్నారు. ఇద్దరు కింద పడవలో చేతులు చాచి నిలబడ్డారు. అల లేచినప్పుడు పడవ తలుపు గడప దాకా వస్తుంది. వచ్చిందనుకునేలోపే మళ్లీ కిందికి జారిపోతుంది. ఒక అల పోనిచ్చారు. రెండోది కూడా పోనిచ్చారు. మూడోదానికి ఒకతను “ఇప్పో!” అని అరిచాడు. ఆ మాటకు మాకు అర్థం చెప్పేవాళ్లు అక్కర్లేదు. రెప్ప తెరిచేసరికి అమ్మ నిలబడ్డది నిలబడ్డట్టే పడవలో ఉంది. మోకాలు వేలెడు కూడా వంగలేదు. చేతికర్ర మాత్రం సందులోంచి సముద్రంలో పడింది.

“నా కర్ర వాయెరా” అని ఒడ్డు దాకా అదే పాట. సిస్టర్ భర్త తన నల్ల గొడుగు, వంకీ పిడిది, అమ్మ చేతిలో పెట్టారు.

ఒడ్డున కొబ్బరిబోండాలు ఇచ్చారు. పిల్లలు అద్దం అడుగున్న పడవ ఎక్కారు, అక్వేరియం చూశారు, పగడపు ముక్కలు ఏరబోతే అవి తీసుకోవడం నేరమని చెప్పించుకుని తిరిగి పెట్టేశారు. అమ్మ మాత్రం ఒక్కచోటే. సిస్టర్ రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి పిక్కల్లోతు నీళ్లలో వేయించింది. గొడుగు కింద ఇద్దరూ మధ్యాహ్నం దాకా అక్కడే. నీళ్లలో కాలిగోళ్లు కనిపిస్తున్నాయని అమ్మ మాటిమాటికీ వంగబోయి, వంగలేక నవ్వడం నేను చూశాను.

అన్నం దగ్గర గ్లాసు ముట్టుకోలేదు. ఏ ఊరు పోయినా ఆమె ముందు అడిగేది నీళ్ల గురించే. “చుట్టూ ఉప్పే గదా, వీళ్లేం తాగుతరు?” వడ్డించే ఆమెను అడిగి సిస్టర్ చెప్పింది: 2005 నుంచి ఇక్కడ సముద్రపు నీళ్లనే మంచినీళ్లుగా మార్చే ప్లాంటు ఉంది, రోజుకు లక్ష లీటర్ల లెక్కన కట్టారు. పైన ఉండే వెచ్చని నీళ్లను గాలి తీసేసిన గదిలో ఆవిరి చేసి, 350 మీటర్ల లోతు నుంచి తోడిన చల్లటి నీళ్లతో ఆ ఆవిరిని మళ్లీ నీళ్లు చేస్తారు (ఈ వివరం నేను తర్వాత చదివి తెలుసుకున్నది). అమ్మ ఒక గుక్క తాగి, నోట్లో కాసేపు ఉంచుకుని మింగింది. “సముద్రం నీళ్లు తాగేటట్టు జేసిండ్రు. మా బోరు నీళ్ల కాడ ఎన్నేండ్లు వట్టె!” అంది. గ్లాసు ఖాళీ చేసింది.

సాయంత్రం అలలు పెరిగాయి. పైకెక్కడం దిగడంకంటే కష్టం. మళ్లీ ఆ నలుగురే. నేను సాయం పట్టబోయి తడిసి ముద్దయ్యాను, కాగితం పోయింది అప్పుడే. ఒక కుర్రాడు “ఉమ్మా, ఉమ్మా” అంటూ పైకి అందించాడు. వాళ్ల భాషలో అమ్మనే అలా పిలుస్తారని తెలిశాక, “ఒక్క అక్షరమే మారింది” అని అమ్మ రాత్రంతా చెప్పింది. మినికాయ్‌లో మేం చెప్పులు వేసుకునేలోపే ఆమె తలుపు దగ్గర లైన్‌లో ఉంది. అక్కడి 1885 నాటి లైట్‌హౌస్ కింద కూర్చుని మేం దిగి వచ్చేదాకా కాపలా కాసింది.

తమ్ముళ్లూ, మీ పేర్లు కూడా అడగలేదు, తప్పు నాదే. మీకు దండం. సిస్టర్, ఆ రాత్రి మీ మీద కోపం తెచ్చుకున్నందుకు క్షమించండి. సార్, మీ గొడుగు మా దగ్గరే ఉండిపోయింది. కొత్త కర్ర కొన్నాను గానీ అది మూలకే ఉంది. పాలకు పోవాలన్నా, గుడికి పోవాలన్నా అమ్మకు ఆ గొడుగే. నల్లగొండ వస్తే తీసుకుపోండి. ఆమె ఇస్తుందని మాత్రం నేను చెప్పలేను.