అమ్మకు, నిమ్మగడ్డి గురించి

అమ్మకు, నాయినకు దండాలు.

ఇక్కడ చికాగోల నేను బాగనే ఉన్న. పని ఎప్పటిలెక్కనే నడుస్తుంది, రంది పెట్టుకోకుర్రి. నాయిన మోకాళ్లు ఎట్లున్నయి?

నిమ్మగడ్డి ఎట్ల పెంచాలె అని అడిగినవు కద, ఫోన్ల తెగదని రాస్తున్న. విత్తనాలు వెతకకు, కూరగాయలల్ల అమ్మే నిమ్మగడ్డి కాడలే మొలుస్తయి. తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు సూపర్ మార్కెట్ల నాలుగైదు కాడలు తెమ్మను. కింద గడ్డ చూసి తేవాలె. తెల్లగ, గట్టిగ ఉండి, అడుగున గుండ్రటి మొదలు పూర్తిగ ఉండాలె. వేరు పుట్టేది ఆ మొదలుకే. చాన దుకాణాలల్ల అందం కోసం దాన్ని కోసేస్తరు, అసొంటిది ఎన్ని దినాలు నీళ్లల్ల పెట్టినా కుళ్లుడే.

ఎండిన పైపొరలు రెండు తీసెయ్. ఆకులు కోసి, కాడ జానెడు ఉంచు. గ్లాసుల రెండు వేళ్ల లోతు నీళ్లు చాలు, ఎక్కువ పోస్తే కాడ మెత్తబడ్తది. వెలుతురు ఉండాలె గాని ఎండ వద్దు. మన రోహిణి ఎండకు గ్లాసుల నీళ్లు కాగి మొదలు ఉడికిపోతది. నీళ్లు దినం మార్చు. జిగటగ అయినా, వాసన వచ్చినా ఆ కాడ పారేసి గ్లాసు కడుగు. వారం నుంచి మూడు వారాలల్ల వేర్లు వస్తయి. రోహిణిల పెడితే మిరుగు వానలకు నాటడానికి అక్కరకొస్తది.

వేర్లు రెండు అంగుళాలు అయినంక నాటు. చెల్క మట్టి రెండు పాళ్లు, బాగ మాగిన పెండ ఎరువు ఒక పాలు, ఉసిక ఒక పాలు కలుపు. పచ్చి పెండ వెయ్యకు, వేడికి వేర్లు మాడుతయి. కుండీ ఒక అడుగు వెడల్పుది, కింద తూటు ఉన్నది కావాలె. గడ్డ మునిగేదాక, అంగుళం లోతు చాలు. నేలల అయితే కాడకు కాడకు రెండడుగుల ఎడం. వారం నీడ పట్టున ఉంచి, తర్వాత నిండు ఎండల పెట్టు. ఇక్కడ చలికాలం కుండీ ఇంట్లకు తేవాలె, మంచు తగిల్తే చచ్చిపోతది. మన నల్లగొండల ఆ బాధ లేదు.

ఆకు కొసలు ఎర్రబడి ఎండుతుంటే నీళ్లు తక్కువయినయని అయినా, బోరు నీళ్ల ఉప్పు పట్టిందని అయినా అనుకో. నల్లా నీళ్లే పొయ్యి. చాయ్‌కి అయితే బోరు నీళ్లు అసలే వద్దు అమ్మా, ఎంత మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు.

మూడు నాలుగు నెలలకు పిలకలేసి దుబ్బు కడ్తది. ఆకు కావాలంటే నేల నుంచి నాలుగు అంగుళాలు వదిలి కోయ్, మళ్ల వస్తది. కాడ కావాలంటే వేలంత లావయినంక అంచుది మొదలుకంట తియ్. ఆకు అంచులు కోస్కపోతయి, చేతికి గుడ్డ చుట్టుకో. చెట్టు ఊకె ఉంటే దోమలు పోవు, దోమల నూనె తీసే గడ్డి వేరే.

నాయినా, నిమ్మగడ్డి చాయ్ తాగుతున్న అని బీపీ గోళీలు ఆపకు. రెండు వేరు వేరు. డాక్టర్ దగ్గరికి పోయే తారీకు దాటనియ్యకు.

తమ్మునికి పైసలు శుక్రవారం వేస్త. కాడలకు వేర్లు రాంగనే ఫోటో తీసి పంపమను, నాటొచ్చో లేదో చూసి చెప్త.

మీ బిడ్డ