బట్టీ పిల్లల కోసం కలెక్టరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి,

మా ఊరివాళ్లం పదిమందిమి చందాలు వేసుకొని ఏటా చలికాలంలో ఇటుక బట్టీల పిల్లలకు దుప్పట్లు, చెప్పులు, సబ్బులు, పలకలు ఇస్తున్నాం. ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లలు. చెప్పుల కొలతకు పాత దినపత్రిక పరిచి, పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీస్తాం. మొన్న ఒక పాప తన పాదం గీయించుకొని, గుడిసెలో నిద్రపోతున్న తమ్ముడి పాదం ఎంతుంటుందో జానతో కొలిచి చూపింది. కాగితం నిండా ఎర్రమట్టే.

చెప్పులు మేం తేగలం. బడిలో చోటు మా చేతిలో లేదు. దగ్గరి బడికి తీసుకెళితే జనన ధ్రువపత్రం లేదని తిప్పి పంపారు. వయసు రుజువు లేదన్న సాకుతో ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్‌లోనే ఉంది. ఆ మాటే అంటే, పైనుంచి కాగితం తెమ్మన్నారు. (చట్టం కంటే పైన ఎవరున్నారో మాకు తెలియలేదు.)

ఆ కాగితమేదో మీరే ఇప్పించండి. అంగన్‌వాడీ గుడ్లు, బాలామృతం బట్టీ దగ్గరికే పంపించండి. లారీలు తిరిగే దారిలో చంటిపిల్లలు నడిచి రాలేరు. వానలు మొదలైతే బట్టీలు ఆగిపోతాయి, వీళ్లు వెళ్లిపోతారు. సంక్రాంతిలోగా ఉత్తర్వు వస్తే కనీసం మూడు నెలల చదువు దక్కుతుంది.

ఇట్లు,
చెప్పులు పంచే ఊరివాళ్లం