సెప్టెంబరు వార్తాలేఖ: ఆ వీడియో గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఉత్తరం పరీక్షల టైంటేబుల్‌తో మొదలవ్వాల్సింది. కానీ గేటు దగ్గరా, టీ బడ్డీల దగ్గరా, మీ వాట్సాప్ గ్రూపుల్లోనూ నడుస్తున్నది పరీక్షల మాట కాదు, ఎనిమిదో తరగతి వీడియో మాట. ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతున్నారు కాబట్టి జరిగింది నేనే రాస్తున్నాను. పిల్లల పేర్లు రాయను, దయచేసి అడగకండి.

భోజనాల వేళ, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర నలుగురు అబ్బాయిలు ఒకబ్బాయిని ఆపారు. ఆ అబ్బాయిది కొండ మీద ఊరు. ఇంట్లో కొండజాతి సవరల భాష, సవర మాట్లాడతారు, బజారులో ఒడియా, తెలుగు మన బడికొచ్చాకే నేర్చుకున్నాడు. తెలుగు వాచకం చేతికిచ్చి ఒక పేరా చదవమన్నారు. ఒత్తుల దగ్గర తడబడ్డాడు. తడబడిన ప్రతిసారీ ఒకడు అదే యాసలో వెక్కిరించాడు. ఇంకొకడు ఇంటి నుంచి దొంగచాటుగా తెచ్చిన ఫోనులో తీశాడు. "మళ్లీ చదువు, మళ్లీ చదువు." ఆ వీడియోలో ఆ నలుగురి గొంతుల కంటే గట్టిగా వినిపించేది చుట్టూ నిలబడ్డ పిల్లల నవ్వు. పుస్తకం చివరిదాకా ఆ అబ్బాయి చేతిలోనే ఉంది. విసిరికొట్టలేదు, పారిపోలేదు, వేలు పెట్టుకుని చదువుతూనే ఉన్నాడు.

ఇది ఒక్కరోజు సంగతి కాదని విచారణలో తేలింది. ప్లేటు దాచడం, బెంచి చివరకు తోసెయ్యడం, పేరు వదిలేసి జాతి పేరుతో పిలవడం వేసవి సెలవుల తర్వాత నుంచీ సాగుతున్నాయి. అందుకే "గుంటలన్నాక కొట్టుకుంటారు మేడమ్, వదిలెయ్యండి" అన్నవాళ్లకి నా జవాబు: ఇది కొట్లాట కాదు. ఇద్దరు సమానంగా తిట్టుకుంటే అది గొడవ. ఒకడు ఒంటరిగా, నలుగురు ఒకవైపు, కావాలని, పదేపదే చేస్తే అది వేధింపు. స్వీడన్, నార్వేల్లో డాన్ ఓల్వియస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో మొదలుపెట్టి బడి పిల్లల మీద పరిశోధన చేసి పెట్టిన కొలమానాలు ఇవే. బలంలో తేడా, కావాలని చెయ్యడం, పదేపదే చెయ్యడం, మన కుళాయిల దగ్గర జరిగినదానికి ఈ మూడూ సరిపోయాయి.

ఏం చేశామో చెబుతాను. పిల్లలతో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడి, ఎవరి మాట వాళ్ల చేతే రాయించాం. నలుగురి తల్లిదండ్రులనూ వేరు వేరు రోజుల్లో పిలిచాం. అసెంబ్లీలో అందరి ముందూ నిలబెట్టి సారీ చెప్పించమని కొందరు అడిగారు. చెప్పించలేదు, చెప్పించను. అవమానపడ్డ పిల్లవాడిని మళ్లీ అందరి ముందుకు తెచ్చి, చెయ్యి కలపమని బలవంతపెడితే అతనికి ఒరిగేదేమీ లేదు. పెద్దవాళ్లం మనకి మనశ్శాంతి, అంతే. ఆ నలుగురికీ ఈ టర్మ్ అంతా భోజనాల వేళ ఒక టీచరు పక్కనే ఉంటారు. వాళ్లతో వారం వారం నేనే కూర్చుంటున్నాను. వాళ్లు రాక్షసులు కారు. అందులో ఒకడికి ఇంట్లో ఏం పేరు పెట్టి పిలుస్తారో వాడు చెప్పినప్పుడు నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

"నాలుగు తగిలించండి, బుద్ధొస్తుంది" అని ప్రేమగా సలహా ఇచ్చిన తండ్రులకు కృతజ్ఞతలు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం లేకపోయినా కొట్టను. బలమున్నవాడు బలంలేనివాడిని ఏడిపించవచ్చన్న పాఠమే కదా వాళ్లు ఇప్పటికే బాగా నేర్చుకున్నది.

ఇక అసలు కోపం. ఆ వీడియో పిల్లల గ్రూపులో ఉన్నది ఒక్క సాయంత్రం. మర్నాటికి పెద్దల గ్రూపుల్లో ఉంది. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లు ఉన్నారు. "అయ్యో పాపం" అంటూ ఇంకో మూడు గ్రూపులకి పంపినవాళ్లూ ఉన్నారు. పాపం అనుకున్నవాళ్లు పంపకుండా ఉండొచ్చు కదండీ? వ్యవహారం కేసు దాకా వెళితే పిల్లవాడి ముఖం, పేరు, బడి బయటపెట్టడాన్ని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నేరంగా చూస్తుంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. జాతి పేరుతో అవమానించడానికి 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం ఉంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ ఉత్తరం చదివిన వెంటనే మీ ఫోనులో అది ఉంటే తీసెయ్యండి. మీకు పంపినవాళ్లకి కూడా చెప్పండి.

మనది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడ సవర మాటను చూసి నవ్వడమా? 1880లో ఈ ఊరికి బడిపంతులుగా వచ్చిన గిడుగు రామమూర్తి గారు కొండల్లోని సవరల మాట నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. తెలుగువాడు మాట్లాడే తెలుగే పుస్తకంలో రావాలని పండితులతో పోరాడినదీ, అడవిలో మాట్లాడే సవరకి మర్యాద తెచ్చినదీ ఒక్కరే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని మనం మొన్ననే జరుపుకున్నాం, దండలు వేశాం, లడ్డూలు పంచాం. ఈ ప్రాంతం ఒడిశాలో కలిసిన 1936లోనే మంగేయి గొమాంగో అనే సవర పెద్దమనిషి తన భాషకి సోరంగ్ సోంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశాడు. మనలో ఎంతమంది ఒక లిపిని తయారుచేయగలం? మూడు భాషల మధ్య రోజూ తిరిగే పిల్లవాడు ఒక ఒత్తు దగ్గర ఆగితే మనకి నవ్వొచ్చింది. మీ అబ్బాయిని సవరలో ఒక్క వాక్యం చెప్పమనండి, చూద్దాం. నేనే ఈ సంవత్సరం నేర్చుకోవడం మొదలుపెట్టాను. నా యాసకి పిల్లలు నవ్వుతున్నారు. ఆ నవ్వుకి నాకు అభ్యంతరం లేదు, నన్నెవరూ ఆపి నిలబెట్టలేదు కాబట్టి.

చూస్తూ నిలబడ్డ పిల్లల సంగతికి వస్తాను, ఎందుకంటే మీలో ఎక్కువమంది పిల్లలు ఆ గుంపులోనివారే. "మావాడు ఏమీ చెయ్యలేదు, చూశాడంతే" అని నలుగురైదుగురు తల్లులు ఫోన్ చేశారు. ఫిన్లాండులో తుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా సాల్మివల్లి పరిశోధన మీద కీవా అనే కార్యక్రమం తయారైంది, 2009 నుంచి ఆ దేశమంతటా బడుల్లో మొదలైంది. దాని కిటుకంతా ఈ చూసేవాళ్ల మీదే. చుట్టూ నవ్వు ఉంటే ఏడిపించేవాడికి అదే జీతం. ఆ నవ్వు ఆగితే పని చెయ్యడానికి వాడికి కారణం ఉండదు. పిల్లవాడు వెళ్లి కలబడక్కర్లేదు. నవ్వకుండా పక్కకి తప్పుకోవచ్చు. "రా, అన్నం తిందాం" అని బాధపడేవాడిని తీసుకుపోవచ్చు. టీచరుతో చెప్పొచ్చు.

చెప్పింది ఎవరో తెలుసా? ఆరో తరగతి పాప. ఎనిమిదో తరగతి అన్నలంటే దానికి భయం, అయినా నా గది బయట చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. అక్కడితో ఆగలేదు. మర్నాడు గుడ్డు కూర రోజు. తన ప్లేటు పట్టుకెళ్లి ఆ అబ్బాయి పక్కన కూర్చుంది, వెనకాల ఇంకో ముగ్గురు పిల్లలు వచ్చి కూర్చున్నారు. నా ఉద్యోగంలో ఇంతకంటే మంచి మీటింగు నేను చూడలేదు. చాడీలు చెప్పిందని దాన్ని ఎవరైనా ఇంట్లోగాని, వీధిలోగాని అంటే ముందు నాతో మాట్లాడండి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె భాషా దినోత్సవం రోజు గిడుగు గారి మీద సవర, తెలుగు, ఒడియా మూడింటిలో మాట్లాడింది. చప్పట్లు ఆగలేదు, సైన్సు మాస్టారు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కబడ్డీ జట్టు బ్లాకు స్థాయిలో గెలిచింది, ఆ సంగతి వచ్చే నెల వివరంగా రాస్తాను.

ఇంటి సంగతులు కొన్ని, మర్యాదగానే. బడికి ఫోను తేవద్దని జూన్‌లో చెప్పాం, జులైలో చెప్పాం. "వాడు వినడు మేడమ్" అన్నది జవాబు కాదు, ఫోను కొన్నది మీరే. అన్నం దగ్గర ఎదుటి కులాన్నీ, కొండవాళ్లనీ, ఒడియావాళ్లనీ పేర్లు పెట్టి మాట్లాడుకుంటే అవన్నీ మర్నాడు మా వరండాలో వినిపిస్తాయి. పొట్టోడా, నల్లదానా అని ముద్దుగా పిలుస్తున్నామనుకుంటారు. పిల్లలకి అది ముద్దుగా ఉందో లేదో ఒకసారి అడిగి చూడండి. ఇంకొకటి: మీ పిల్లలు ఇంటికొచ్చి ఆవురావురుమని తింటున్నా, నీళ్ల సీసా నిండుగా తెచ్చినా, ఆదివారం సాయంత్రానికి కడుపునొప్పి అంటున్నా తిట్టకండి. బాత్రూముకి ఒంటరిగా వెళ్లాలంటే భయమై నీళ్లు తాగని పిల్లలుంటారు. "ఎవరు కొట్టారు?" అని కాకుండా "భోజనాల దగ్గర ఎవరి పక్కన కూర్చున్నావు?" అని అడగండి.

ఆడపిల్లలకు దారిలో గాని, బస్సులో గాని, ఫోనులో గాని, ఎవరి వల్లనైనా అసభ్యమైన ఇబ్బంది ఎదురైతే దాన్ని ఊళ్లో పెద్దమనుషుల ముందు తేల్చుకుందామని నా దగ్గరికి రావద్దు. మగపిల్లలకైనా అంతే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, నేనూ చెబుతాను. పిల్లలే నేరుగా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యొచ్చు, అది ఉచితం. మనసు బాగోలేకపోతే, మీకైనా పిల్లలకైనా, టెలీ మానస్ సహాయ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. ఆఫీసు పక్క ఫిర్యాదు పెట్టె తాళం ఇక నుంచి ఇద్దరు టీచర్ల దగ్గర ఉంటుంది, రోజూ సాయంత్రం ఇద్దరూ కలిసే తెరుస్తారు.

మిగతావి త్వరగా: పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం. రెండు సబ్జెక్టుల తెలుగు పుస్తకాలు ఇంకా రాలేదు, రాగానే ఇస్తాం. స్కాలర్‌షిప్పుకి ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు ఇవ్వనివాళ్లు ఇవ్వండి. వానలు ఆగలేదు, గొడుగు మీద పేరు రాయండి.

ఈ శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఎనిమిదో తరగతి తల్లిదండ్రుల సమావేశం ఉంది. సవర, ఒడియా, తెలుగు ఏది వచ్చినా మాట్లాడొచ్చు, మార్చి చెప్పడానికి పిల్లలు ఉంటారు. ప్రతిసారీ అమ్మలే వస్తున్నారు, ఈసారి నాన్నలు కూడా రావాలి. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెట్టి లోపలికి రండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు