చట్టం వచ్చింది సరే, ఊరికి చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

మాది కామారెడ్డి జిల్లాలో ఒక చిన్న ఊరు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో చదువు చెప్పి రిటైరయ్యాను. ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివి చెప్పమని మా ఇంటికే తెస్తారు. తెలంగాణలో భూ భారతి అనే కొత్త భూమి రికార్డుల చట్టం వచ్చినప్పటి నుంచి వస్తున్న కాగితాలన్నీ భూమి గురించినవే. వాటిని చదివీ చదివీ మనసు ఆగక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వాడకట్టులో ఒక అవ్వ ఉంది. తెలంగాణ రాకముందే ఆమె, ఆమె భర్త కలిసి 30 గుంటల భూమి కొన్నారు. రిజిస్ట్రేషన్ లేదు, తెల్ల కాగితం మీద రాసుకున్న సాదాబైనామా. అమ్మినాయన సంతకం, సాక్షుల వేలిముద్రలు అన్నీ ఉన్నాయి. ఆనాటి నుంచి దున్నేది వాళ్లే, బోరు వేసుకున్నది వాళ్లే. పట్టా మాత్రం మారలేదు. రైతుబంధు డబ్బులు పడ్డన్నాళ్లూ పాత పట్టాదారు ఇంటికే పడ్డాయి. 2016లో ప్రభుత్వం సాదాబైనామాలు క్రమబద్ధం చేస్తామన్నప్పుడు ఆమె భర్త మంచం మీద ఉన్నాడు. ఆయన మందుల కోసం తిరగడమే సరిపోయింది. 2020లో మళ్లీ అవకాశం వచ్చింది. అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 వరకు మీసేవలో దరఖాస్తు పెట్టుకోమన్నారు. అంటే సరిగ్గా 30 రోజులు. అది కరోనా కాలం. కొడుకు దుబాయిలో ఉన్నాడు. మీసేవకు పోవాలంటే ఎనిమిది కిలోమీటర్లు, ఆటోలు సరిగా నడవడం లేదు. అసలు అలాంటి అవకాశం ఉందన్న సంగతే ఆమెకు చేరలేదు. నేనూ అప్పుడు హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉండిపోయాను. ఊళ్లో ఉంటే చెప్పేవాణ్ణి కదా అన్న బాధ నాకు ఇంకా ఉంది.

2025 జూన్‌లో మా ఊళ్లో రెవెన్యూ సదస్సు పెట్టారు. అవ్వ ప్లాస్టిక్ కవర్‌లో కాగితం పెట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చుంది. ఆమె వంతు వచ్చాక అక్కడి సిబ్బంది అడిగిన మొదటి మాట: "అవ్వా, 2020ల పెట్టిన దరఖాస్తు రశీదు ఉన్నదా?" లేదని తల ఊపింది. కొత్త చట్టం ప్రకారం అప్పుడు పెట్టుకున్నవాళ్లవే చూస్తారని చెప్పారు. "నాకెవ్వలు చెప్పిండ్రు బిడ్డా?" అని ఆమె అడిగితే అక్కడున్న ఎవరి దగ్గరా జవాబు లేదు.

భూ భారతి చట్టాన్ని తప్పుపట్టడానికి నేను ఇది రాయడం లేదు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన ఈ చట్టంలో మంచి మాటలు చాలా ఉన్నాయి. అంతకుముందు ధరణి పోర్టల్ ఉన్నప్పుడు భూమి రికార్డులో ఒక అంకె తప్పు పడితే చాలాసార్లు రైతు సివిల్ కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చేది. ఇప్పుడు తహశీల్దార్ ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవో దగ్గరికి, అక్కడా కాకపోతే కలెక్టర్ దగ్గరికి, ఆపైన భూమి ట్రిబ్యునల్‌కు పోవచ్చు. తండ్రి చనిపోతే వారసులందరికీ నోటీసులు ఇచ్చి, విచారణ చేసి, 30 రోజుల్లో విరాసత్, అంటే వారసుల పేరు మీదికి పట్టా మార్పు, చేయాలి. ఒక కొడుకు వెళ్లి తక్కిన వాళ్లకు తెలియకుండా మొత్తం తన పేరు మీద ఎక్కించుకునే పరిస్థితికి ఇది అడ్డుకట్ట. పేద రైతుకు ఉచిత న్యాయ సహాయం అందించాలని కూడా చట్టంలోనే రాసుంది. కానీ ఈ న్యాయ సహాయం సంగతి మా ఊళ్లో ఎంతమందికి తెలుసని నేను ఇంటింటికీ తిరిగి అడిగాను. తెలుసన్నవాళ్లు ఇద్దరే. భూమికి ఇచ్చే ప్రత్యేక నంబరు భూధార్. "భూధార్ అంటే ఆధార్ కార్డేనా సార్?" అని అడిగినవాళ్లు మాత్రం చాలామంది.

విరాసత్ నోటీసు సంగతే తీసుకోండి. మా వైపు ప్రతి రెండో ఇంట్లో ఒకరు గల్ఫ్‌లోనో, భివండిలోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. నోటీసు ఊళ్లోని ఇంటి తలుపుకు అంటిస్తే అది భివండిలో మగ్గం నడిపే తమ్ముడికి ఎప్పుడు తెలియాలి? పెళ్లై వేరే ఊళ్లో ఉన్న ఆడబిడ్డకు ఎవరు చెప్పాలి? అన్నదమ్ములు కలిసి ఉన్న ఇంట్లో ఇబ్బంది లేదు. లేని ఇంట్లో ఆ ఒక్క కాగితం మీదే ఆడబిడ్డ వాటా ఆధారపడి ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వోల (గ్రామ రెవెన్యూ అధికారుల) వ్యవస్థను తీసేశారు. వాళ్ల మీద ఫిర్యాదులు ఉన్న మాట నిజమే, కానీ భూమి గురించి ఊళ్లో అడగడానికి ఒక మనిషంటూ ఉండేవాడు. సాదాబైనామా దరఖాస్తుల గడువు వచ్చింది ఆ తర్వాతి నెలలోనే. వాళ్ల స్థానంలో గ్రామ పాలన అధికారులకు (జీపీవోలకు) నియామక పత్రాలు ఇచ్చింది 2025 సెప్టెంబర్‌లో. అంటే ఐదేళ్లు ఊళ్లో భూమి లెక్కలు చూసే అధికారి అంటూ లేడు. సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుతో ముగిసింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. భూ భారతి వచ్చిన ఏప్రిల్‌లో, సదస్సులు జరిగిన జూన్‌లో ఊరికి సర్పంచ్ లేడు, జీపీవో లేడు. ప్రత్యేకాధికారి ఉన్నాడు గానీ ఆయనకు అలాంటి ఊళ్లు ఇంకా ఉండేవి. ఇంత పెద్ద చట్టం ఊళ్లోకి వచ్చినప్పుడు ఎదురెళ్లి అర్థం చేసుకుని పదిమందికి చెప్పే మనిషే లేకపోయాడు. ఆ సదస్సుల్లో రాష్ట్రమంతా కలిపి 8 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. లక్షల కుటుంబాలు ఏదో ఒక కాగితం పట్టుకుని వచ్చాయన్న మాట.

చెప్పకపోతే భయం పుడుతుంది కూడా. ఆంధ్రప్రదేశ్‌లో భూ హక్కుల చట్టం 2023లో అమల్లోకి వచ్చింది. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అందులో ఏముందో తెలియక, తన భూమి పోతుందేమోనని ఎందరో రైతులు నిద్ర లేకుండా గడిపారు. 2024లో దాన్ని రద్దు చేశారు. కోస్తాలో ఉన్న మా వియ్యంకుల ఇంట్లో ఆ టెన్షన్ నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు సర్పంచులు వచ్చారు, జీపీవోలు వచ్చారు. ఇకనైనా ఈ పని పద్ధతిగా చేయమని అడుగుతున్నాను. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. అందులో అరగంట భూమి సంగతులకు కేటాయించి, జీపీవో నిలబడి చదవాలి: ఎవరి విరాసత్ నడుస్తోంది, ఎవరి దరఖాస్తు ఎక్కడ ఆగింది, ఏ గడువు ఎప్పుడు అయిపోతుంది. చెత్త ట్రాక్టర్ పొద్దున ప్రతి గల్లీకీ వస్తుంది. దానికి ఒక మైకు కట్టి గడువు తేదీలు వినిపిస్తే కూలికి పోయే ఆడవాళ్లు కూడా వింటారు. వెనకట డప్పు చాటింపు వేసేవారు, విననివాడు ఉండేవాడు కాదు. వాట్సాప్‌లో పెట్టామంటే సరిపోదు. మా అవ్వ చేతిలో ఉన్నది బటన్ ఫోన్. నోటీసు భాష కూడా మారాలి. "ఇందుమూలముగా తెలియజేయునది" అని మొదలయ్యే కాగితాన్ని ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన నేనే రెండుసార్లు చదవాల్సి వస్తోంది.

2020 గడువు తప్పిపోయినవాళ్ల సంగతి కూడా ప్రభుత్వం ఆలోచించాలి. వాళ్లు ఎగ్గొట్టినవాళ్లు కాదు, తెలియనివాళ్లు. భూమి వాళ్ల సాగులోనే ఉండి, సాక్షులు బతికి ఉండి, చుట్టుపక్కల రైతులు ఔనన్నప్పుడు, చట్టాన్ని సవరించి ఇంకొక్కసారి దరఖాస్తు తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఆలస్యం చేస్తే మాత్రం ఉంది. అవ్వ కాగితం మీద ఉన్న ముగ్గురు సాక్షుల్లో ఇప్పుడు ఒక్కరే మిగిలారు. ఆయనకు ఎనభై దాటాయి.

మీకు కూడా ఒక విన్నపం. మీ జిల్లా పేజీలో వారానికి ఒకసారి, ఒక చిన్న డబ్బా కట్టి, మండలాల వారీగా భూమి దరఖాస్తుల గడువులు, గ్రామసభల తేదీలు పెద్ద అక్షరాలతో వేయండి. మా ఊరి వరకు దాన్ని కత్తిరించి పంచాయతీ బోర్డు మీద అంటించే పని, చదవడం రానివాళ్లకు చదివి చెప్పే పని నేను చేస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
కామారెడ్డి జిల్లా