బి సైడ్‌లో ఆ చరచర, ఎల్పీ ఆలస్యం

ముందస్తు ఆర్డర్ ఇచ్చినవాళ్లకి: ఈ ముగ్గురి బ్యాండ్ ఎల్పీ (వినైల్ రికార్డు) చెప్పిన వారానికి రాదు. రికార్డులు అచ్చువేసే ప్రెస్సింగ్ ప్లాంటు నుంచి వచ్చిన 500 కాపీల్లో చేతిలో మిగిలినవన్నీ తిప్పి పంపేశాం.

బి సైడ్ మొదటి పాట బేస్ గిటార్, హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు)తోనే మొదలవుతుంది. సరిగ్గా అక్కడే ఒక స్పీకర్లో గుడ్డ చింపినట్టు చర్రుమంటోంది. కడిగినా పోదు, అది దుమ్ము కాదు. దీన్ని నాన్-ఫిల్ అంటారు. ప్రెస్‌లో వినైల్ ముద్ద నడిమి నుంచి అంచుకి పారుతుంది. వేడి చాలకపోయినా, ప్రెస్ తొందరగా తెరిచినా అంచు దగ్గర, అంటే మొదటి పాట ఉండే చోట, గాడి గోడలు పూర్తిగా నిండవు. డిస్క్‌ని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి, నల్లటి మెరుపు మీద బూడిదరంగు మచ్చలు తేలతాయి.

"ఇంత ఫజ్‌లో ఎవరికి వినిపిస్తుందండీ?" అన్నారు ప్లాంటువాళ్లు, గిటార్ బొంగురు మోతని ఉద్దేశించి. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. గిటార్ సోలో ఎత్తుకుంటే కింద ఇంకో గిటార్ ఉండదు, బేస్, డ్రమ్సే. ఓవర్‌డబ్‌లు (తర్వాత పైన కలిపే రికార్డింగులు) వద్దనుకున్నదే ఆ ఖాళీ కోసం. చరచర వినపడేదీ ఆ ఖాళీలోనే.

మూల డిస్క్‌లో గాడిని మళ్లీ కట్ చేయిద్దాం, శబ్దం 3 డెసిబెల్స్ తగ్గిస్తే గాడి లోతు తగ్గి తేలిగ్గా నిండుతుంది అన్నారు. ఒప్పుకోలేదు. పాట తగ్గుతుంది, ఉపరితల రొద తగ్గదు. పైగా ఇవే స్టాంపర్లతో (గాడిని ముద్రించే లోహపు అచ్చులతో) ముందు తీసిన టెస్ట్ ప్రెస్సింగులు, అంటే నమూనా కాపీలు, శుభ్రంగా ఉన్నాయి. తప్పు కటింగ్‌లో లేదు, టైము కోసేసిన ప్రెస్‌లో ఉంది.

మేం వదులుకున్నది 180 గ్రాముల బరువు డిస్క్‌ని. దీనికే చాలా తర్జనభర్జన పడ్డాం, స్టిక్కర్ మీద గొప్పగా వేసుకున్నది మేమే కాబట్టి. మందం డిస్క్ వేడెక్కడానికీ చల్లారడానికీ ఎక్కువసేపు పడుతుంది, ఆ టైము ఇవ్వని చోట 140 గ్రాములే నయం. గాడి అదే, మోత అదే. బరువు కోసమే కొన్నవాళ్లు అడగండి, డబ్బు మొత్తం వెనక్కిస్తాం.

ఈసారి కాపీలు రన్ మొదట్లో, మధ్యలో, చివర్లో తీయించి వింటాం, అవి బాగుంటేనే మీకు పంపుతాం. పాత కాపీ ఇప్పటికే అందినవాళ్లు లేబుల్ ఫోటో పంపితే చాలు, కొత్తది వస్తుంది. పాతది తిప్పి పంపక్కర్లేదు. ఏ సైడ్ బాగానే ఉంది, వాడుకోండి.