‘పరిమితులకు లోబడే ఉంది’ అంటే ఏ పరిమితులు?

సంపాదకుల వారికి, నమస్కారం.

పది రోజుల కిందట మీ పత్రిక లోపలి పేజీలో చిన్న వార్త ఒకటి వేశారు. మంట త్వరగా అంటుకోకుండా సోఫాల్లో, పరుపుల్లో, టీవీ డబ్బాల్లో కలిపే ఫ్లేమ్ రిటార్డెంట్ రసాయనాలు నది చేపల్లో దొరికాయని. చివర్లో ఒక అధికారి మాట: ‘నీటి నాణ్యత పరిమితులకు లోబడే ఉంది, ఆందోళన అక్కర్లేదు’. ఇంకెవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్ళూ చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఏ పరిమితులండీ అవి? మామూలుగా నది నీటిలో చూసేది ఆక్సిజన్ ఎంత, ఆమ్లగుణం ఎంత, మురుగు ఎంత, బాక్టీరియా ఎంత అని. ఆ పరీక్షలు ఎన్నిసార్లు చేసినా ఈ రసాయనాలు కనిపించవు. పైగా వీటిలో పాత రకాలు, పీబీడీఈలనే బ్రోమిన్ రసాయనాలు, నీళ్ళలో సరిగా కరగవు. అడుగు బురదను పట్టుకుంటాయి, కొవ్వును పట్టుకుంటాయి. బురదలోని పురుగును చిన్న చేప తింటుంది, దాన్ని పెద్ద చేప, ఆ చేపను కొంగో, సీల్ అనే సముద్ర జంతువో తింటుంది. ఒక్కో మెట్టుకీ మోతాదు పెరుగుతూ పోతుంది. చేప కొవ్వులో వెతకాల్సినదాన్ని సీసాడు నీళ్ళలో వెతికి, లేదని చెబితే ఎలా?

ఇదంతా ఏదో ఫ్యాక్టరీ గొట్టం పాపమని చాలామంది అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మొన్న మా ఇంట్లో ఇరవై ఏళ్ళ నాటి సోఫా కవరు విప్పాను. లోపలి ఫోమ్ అంచులు ముదురు పసుపు రంగుకి తిరిగాయి, వేలు తగిలితే చాలు పొడిపొడిగా రాలుతోంది. ఊడ్చాను, తడిగుడ్డ పెట్టి తుడిచాను, ఆ బకెట్ నీళ్ళు తూములో పారబోశాను. అందులో ఏమేం కలిపారో సోఫా చీటీ మీద ఒక్క ముక్క కూడా లేదు. ఈ రసాయనాల్లో చాలావాటిని ఫోమ్‌లో ఊరికే కలిపి వదిలేస్తారు, దానితో గట్టిగా బంధం ఏర్పడదు. అందుకే ఏళ్ళ తరబడి దుమ్ములోకి వస్తాయి, దుమ్ము బట్టల మీదికి, బట్టలు ఉతికిన నీళ్ళు కాలువలోకి. మురుగు శుద్ధి కేంద్రాలు వీటికోసం కట్టినవి కావు. పాత రకాలు అక్కడి మడ్డిలో చేరతాయి, ఆ మడ్డిని ఎరువని పొలాల్లో చల్లుతారు. క్లోరిన్ ఉన్న ఫాస్ఫేట్ రకాలు చాలావరకు నీటితో పాటే నేరుగా నదిలోకి పోతాయి.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కూడా కాదు. స్వీడన్‌లో విస్కాన్ నది చేపల్లో పీబీడీఈలు ఉన్నాయని 1981లోనే బయటపెట్టారు. అదే దేశంలో 1972 నుంచి 1997 దాకా దాచిన తల్లిపాల నమూనాలు చూస్తే దాదాపు ఐదేళ్ళకోసారి వాటి మోతాదు రెట్టింపైంది. అయినా పీబీడీఈల్లో పెంటా, ఆక్టా అనే రకాలు, ఏళ్ళ తరబడి చెడకుండా ఉండే విష రసాయనాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాకెక్కింది 2009లో, డెకా అనే రకం 2017లో. విస్కాన్ చేపకీ డెకా నిషేధానికీ మధ్య ముప్పై ఆరేళ్ళు! ఈ రసాయనాలకి థైరాయిడ్ హార్మోన్‌తో పోలిక ఉంది, శరీరంలో దాని పనికి అడ్డు తగులుతాయి. తోకకప్ప కప్పగా మారేదే ఆ హార్మోన్ వల్ల. ఆ మార్పు నీళ్ళలో ఆగిపోతే అడిగేవాళ్ళెవరు?

నాకు ఒళ్ళు మండేది ఇంకొకందుకు. ఒకదాన్ని నిషేధించగానే దాని చుట్టాన్ని తెచ్చి పెడతారు. అమెరికాలో పిల్లల రాత్రి దుస్తుల్లో మంట అంటుకోకుండా వాడిన బ్రోమిన్ ట్రిస్ అనే రసాయనం జన్యువులను దెబ్బతీస్తుందని ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. 1977లో దాన్ని ఆ దుస్తుల్లోంచి తీసేశారు. దాని బదులు వచ్చిన క్లోరిన్ ట్రిస్‌నీ పిల్లల బట్టల్లో మానేయాల్సి వచ్చింది. తర్వాత అదే క్లోరిన్ ట్రిస్ సోఫా ఫోమ్‌లోకి వచ్చింది! 2011లో కాలిఫోర్నియా దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ముందు వాడటం, తర్వాత పరీక్షించడం. మందులకి ఇలా ఒప్పుకుంటామా?

అగ్ని ప్రమాదాల నుంచి రక్షణ వద్దని నేను అనను. కానీ అదే కాలిఫోర్నియా 2013లో సోఫాల అగ్ని భద్రత నిబంధన మార్చింది. ఫోమ్‌కి నేరుగా మంట పెట్టే పరీక్ష తీసేసి, సిగరెట్‌లాంటి నిప్పు కణికకి పై గుడ్డ ఎలా తట్టుకుంటుందో చూడమంది. దాంతో రసాయనాలు కలపకుండానే సోఫాలు అమ్మే వీలు కలిగింది. దారి ఉందని తేలిపోయాక కూడా కదలకపోతే ఏమనాలి?

ఈ సంగతులే రాసి సంబంధిత కార్యాలయానికి రెండు ఉత్తరాలు పంపాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ‘మీ వినతి పరిశీలనలో ఉంది’ అని ఒక వాక్యం వచ్చింది, ఆరు నెలల కిందట. ఈమధ్య ఏ సమస్యకైనా ఇదే సమాధానం. గుంతకైనా, గాలికైనా, నీటికైనా అదే వాక్యం, కింద సంతకం కూడా అర్థం కాదు. జనం అడగడం మానేస్తే ఫైలు మూసేయొచ్చని వాళ్ళ ధీమా.

మీకు నా విన్నపం ఒక్కటే. ఆ వార్త రాసిన విలేకరిని మళ్ళీ ఆ అధికారి దగ్గరికి పంపండి. ఏయే రసాయనాల కోసం వెతికారు, నీళ్ళలోనా, బురదలోనా, చేపల్లోనా, ఎప్పుడు వెతికారు అని అడగమనండి. వచ్చిన జవాబు మొదటి పేజీలో వేయండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని అక్కడే వేయండి.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుడు